మూడో రిచర్డ్ గురించి ఎముకలు చెప్పిందెంత, పాట చెప్పిందెంత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "డిగ్రీలో షేక్‌స్పియర్ నాటకం చదివాను. మూడో రిచర్డ్ అంటే గూనివాడు, ఒక చెయ్యి ఎండిపోయినవాడు, రాజ్యం కోసం సొంత అన్న కొడుకులను చంపించినవాడు అని గుర్తు. ఈమధ్య ఒక వీడియోలో అతని అస్థిపంజరం దొరికిందని, దాంతో అతను మంచి రాజని రుజువైందని, పైగా సంగీతమంటే ప్రాణమని చెప్పారు. ఇందులో ఎంత నిజం?"

అస్థిపంజరం దొరికిన మాట నిజం. సంగీతం మాట కూడా చాలావరకు నిజమే. మంచి రాజని రుజువైందన్న మాట మాత్రం ఎవరూ నిలబెట్టలేరు. ఎముకలను ఏం అడగవచ్చో, పాటను ఏం అడగవచ్చో విడివిడిగా చూస్తేనే ఈ చిక్కు విడుతుంది. కాస్త ఓపికగా చదవండి.

నేను ఇరవై ఏడేళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. రిటైరయ్యాక ఏడాదిలో సగం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. రిచర్డ్ దొరికిన చోటు వాళ్లింటికి నడిచి వెళ్లేంత దూరం. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది, గొయ్యి మీద గాజు పరిచారు. దాని మీద నిలబడి కిందికి చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. క్లాసులో నేనూ ఎన్నో ఏళ్లు "గూని రాజు" అనే చెప్పాను.

మన మంథరను తలుచుకోండి. గూని అని వినగానే కథ వినేవాడికి బుద్ధి కూడా వంకరని ముందే తెలిసిపోతుంది. రిచర్డ్ విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. తేడా ఏమిటంటే మంథర కథలో మనిషి, రిచర్డ్ నిజంగా బతికిన మనిషి.

తెలియనివారి కోసం అతని సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. 1452 అక్టోబరు 2న ఫాదరింగే కోటలో పుట్టాడు. తండ్రి యార్క్ డ్యూక్, ఇంగ్లండ్ గద్దె కోసం రెండు రాజకుటుంబ శాఖల మధ్య సాగిన గులాబీ యుద్ధాల్లో 1460లో వేక్‌ఫీల్డ్ దగ్గర చనిపోయాడు. పెద్దన్న నాలుగో ఎడ్వర్డ్ పేరుతో రాజయ్యాడు. రిచర్డ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లోని మిడిల్‌హామ్ కోటలో ఉంటూ అన్న తరఫున ఆ ప్రాంతం చూసుకున్నాడు. 1483 ఏప్రిల్‌లో అన్న పోయాడు. వారసుడు పన్నెండేళ్ల పిల్లాడు. సంరక్షకుడిగా వచ్చిన బాబాయి జూన్ 26కల్లా తానే రాజయ్యాడు. అన్న పెళ్లి చెల్లదు, అందుకే పిల్లలకు హక్కు లేదన్నది అప్పుడు చెప్పిన కారణం. లండన్ టవర్‌లో ఉంచిన ఆ పిల్లాడు, అతని తమ్ముడు ఆ ఏడాది వేసవి తర్వాత ఎవరికీ కనిపించలేదు. 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధంలో, తర్వాత రాజై ట్యూడర్ వంశాన్ని మొదలుపెట్టిన హెన్రీ ట్యూడర్ సేనల చేతిలో రిచర్డ్ చనిపోయాడు. అప్పటికి వయసు 32. ఇంగ్లండ్ రాజుల్లో యుద్ధంలో చనిపోయిన ఆఖరివాడు అతనే.

ఇక గూని ఎలా పుట్టిందో చూడండి. రిచర్డ్ బతికుండగా అతని శరీరంలో లోపం ఉందని రాసినవాళ్లు ఎవరూ లేరు. జాన్ రౌస్ అనే మతగురువు రిచర్డ్ రాజుగా ఉన్నప్పుడు అతను న్యాయం తప్పని మంచి ప్రభువని పొగిడాడు. హెన్రీ రాజయ్యాక అదే రౌస్, రిచర్డ్ తల్లి కడుపులో రెండేళ్లు ఉండి నోటినిండా పళ్లతో, భుజాల దాకా జుట్టుతో పుట్టాడని రాశాడు. 1491లో యార్క్‌లో ఇద్దరు మనుషులు గొడవపడితే, ఒకడు చనిపోయిన రాజును గూనివాడని తిట్టినట్టు ఊరి రికార్డుల్లో ఉంది. ట్యూడర్ కాలపు రచయిత థామస్ మోర్ ఎండిపోయిన చెయ్యిని కలిపాడు. బాస్‌వర్త్ జరిగిన నాటికి మోర్‌కు ఏడేళ్లు. ఆపైన షేక్‌స్పియర్ వచ్చాడు. 1455 నాటి సెయింట్ ఆల్బన్స్ యుద్ధంలో రిచర్డ్ ఒక డ్యూక్‌ను చంపినట్టు ఇంకో నాటకంలో చూపించాడు. అప్పటికి రిచర్డ్ రెండేళ్ల పసివాడు! రాజకుటుంబం దగ్గరున్న రిచర్డ్ చిత్రపటాన్ని ఎక్స్‌రే తీస్తే, మొదట మామూలుగా వేసిన భుజం గీతను తర్వాత ఎవరో పైకి లేపి దిద్దినట్టు బయటపడింది.

రౌస్ అబద్ధాల మధ్యలో రెండు నిజాలు కూడా ఉన్నాయి. ఒకటి, రిచర్డ్ కుడి భుజం ఎడమదానికన్నా ఎత్తుగా ఉండేదని రాశాడు. రెండోది, లెస్టర్‌లో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం చర్చిలో క్వయర్‌లో పాతిపెట్టారని రాశాడు. మన దగ్గర చర్చికి వెళ్లేవాళ్లు క్వయర్ అంటే పాటలు పాడే బృందం అంటారు. ఆ బృందం కూర్చునే చోటుకి కూడా ఇంగ్లండ్‌లో అదే పేరు. అంటే రాజును సన్యాసులు రోజూ నిలబడి కీర్తనలు పాడే చోట పూడ్చారన్నమాట.

1538లో ఎనిమిదో హెన్రీ ఆ మఠాన్ని మూయించాడు, కట్టడాలు కూలిపోయాయి. ఎముకలను తీసి సోర్ నదిలో పారేశారని ఊళ్లో ఒక కథ పుట్టి, చాలామంది దాన్నే నమ్మారు. రిచర్డ్ పేరు నిలబెట్టాలని పట్టుబట్టిన ఫిలిప్పా లాంగ్లీ, రిచర్డ్ ది థర్డ్ సొసైటీ, లెస్టర్ యూనివర్సిటీ, నగర కౌన్సిల్ కలిసి 2012 ఆగస్టు 25న కౌన్సిల్ కార్ పార్కింగ్‌లో తవ్వకం మొదలుపెట్టారు. తవ్వకానికి పెద్ద రిచర్డ్ బక్లీ. మొదటి రోజే కాలి ఎముకలు కనిపించాయి. అవి ఎవరివో అప్పటికి తెలియదు. మరిన్ని కందకాలు తవ్వి గోడల ఆనవాళ్లు పట్టుకుని మఠం ఎక్కడ, చర్చి ఎక్కడ, అందులో క్వయర్ ఎక్కడ అని లెక్కగట్టాకే ఆ కాలి ఎముకలు సరిగ్గా క్వయర్‌లో ఉన్నాయని అర్థమైంది. సెప్టెంబరు మొదటి వారంలో మిగతా అస్థిపంజరాన్ని తీశారు. ఈ వరస నాకు చాలా ఇష్టం. ఎముకల కన్నా ముందు పాట పాడే చోటు తేలాలి, అది తేలాకే ఎముకలకు విలువ వచ్చింది.

గొయ్యి మనిషికి సరిపోయేంత పొడవు కూడా లేదు. శవపేటిక లేదు, చుట్టిన గుడ్డ ఆనవాలు లేదు. తల ఒక పక్కకు ఒరిగి ఉంది. పాదాలు లేవు, తర్వాతి కాలంలో ఏదో కట్టడం కోసం తవ్వినప్పుడు పోయాయి. అన్నిటికన్నా ముందు కళ్లను ఆపింది వెన్ను. ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా పక్కకు వంగి ఉంది.

ఇక్కడ తెలుగులో ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. గూని అంటే వీపు ముందుకు వంగి పైన మూపులా లేవడం. రిచర్డ్‌కు ఉన్నది అది కాదు. అతనిది స్కోలియోసిస్, వెన్ను పక్కకు వంగి మెలితిరగడం. పుట్టుకతో వచ్చింది కూడా కాదు, పదేళ్ల వయసు దాటాక ఎదిగే రోజుల్లో వచ్చింది. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వంపు 65 నుంచి 85 డిగ్రీల మధ్య ఉందని లెక్కగట్టారు. తక్కువేం కాదు. అయినా కొలత తీసి కుట్టిన బట్టలో, ఒంటికి తగ్గట్టు చేయించిన కవచంలో అది పెద్దగా తెలిసేది కాదని ఆ పరిశోధకులే చెప్పారు. కుడి భుజం కొంచెం ఎత్తు, మొండెం కాళ్లూచేతులతో పోలిస్తే పొట్టి, అంతే. రెండు చేతుల ఎముకలూ మామూలుగా ఉన్నాయి. ఎండిన చెయ్యి వట్టి కల్పన. వంపు లేకపోతే అయిదడుగుల ఎనిమిది అంగుళాలు ఉండేవాడు.

ఇంత వంపు ఉన్న వెన్నుతో పెద్ద సైన్యానికి నాయకుడై గుర్రం మీద శత్రువు మధ్యలోకి దూసుకెళ్లాడు. చనిపోయే సమయంలో తగిలిన గాయాలు 11 లెక్కపెట్టారు. తొమ్మిది పుర్రెకే. పుర్రె అడుగున రెండు దెబ్బల్లో ఏదో ఒకటి ప్రాణం తీసి ఉంటుంది. చేతుల మీద గాయాలు లేవు కాబట్టి ఒంటిమీద కవచం ఉంది, తలమీద శిరస్త్రాణం మాత్రం లేదని అనుకుంటున్నారు. కటి ఎముక మీద ఒక గాటు ఉంది. కవచం ఒంటిమీద ఉండగా అక్కడ కత్తి దిగదు. శవాన్ని నగ్నంగా గుర్రం మీద అడ్డంగా వేసి తీసుకెళ్లారని పాత రచనల్లో ఉంది, ఆ గాటు అప్పుడు పడిందే కావచ్చు. ద్రోహమని అరుస్తూ ఆఖరి శ్వాస దాకా వీరుడిలా పోరాడాడని రాసింది మళ్లీ ఆ రౌస్ గారే. శత్రువు కూడా కాదనలేని ధైర్యం అది.

యుద్ధం జరిగిన చోటు గురించి కూడా పురావస్తువాళ్లు మన అభిప్రాయం మార్చారు. గ్లెన్ ఫోర్డ్ బృందం మెటల్ డిటెక్టర్లతో పొలాలు గాలించి, అందరూ అనుకున్న ఆంబియన్ కొండకు సుమారు మూడు కిలోమీటర్ల అవతల అసలు చోటు పట్టుకుంది. 30కి పైగా సీసపు గుండ్లు దొరికాయి. పాత బురదనేల పక్కన వెండి మీద బంగారు పూతతో ఒక చిన్న పంది బొమ్మ దొరికింది. తెల్ల అడవిపంది రిచర్డ్ గుర్తు. ఖరీదైన ఆ బిళ్ల పెట్టుకున్నవాడు రాజు పక్కనే నిలబడ్డ మనిషి అయి ఉండాలి.

డీఎన్‌ఏ సంగతి త్వరగా చెప్పేస్తాను, వీడియోలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి కాబట్టి. రిచర్డ్ అక్క ఆన్ నుంచి ఆడపిల్లల వరసలో వచ్చిన ఇద్దరు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ఒకరైన మైకేల్ ఇబ్సెన్ లండన్‌లో చెక్క సామాన్లు చేసే పనివాడు. తల్లి వైపు డీఎన్‌ఏ కలిసింది. తండ్రి వైపు వంశంలో ఇప్పటివాళ్లతో కలవలేదు. మధ్యలో ఎక్కడో ఒక తరంలో కాగితాల మీద ఉన్న తండ్రి అసలు తండ్రి కాదని దానర్థం. అది ఏ తరమో చెప్పలేం కాబట్టి, దీన్ని పట్టుకుని నేటి రాజవంశం చెల్లదని రాసేవాళ్లను నమ్మకండి. ఆధారాలన్నీ కలిపి చూస్తే ఇవి రిచర్డ్ ఎముకలే అనడానికి 99.999 శాతం అవకాశం ఉందని 2014లో ప్రకటించారు.

ఎముకలు ఇంతవరకే చెబుతాయి. ఒంటి తీరు చెప్పాయి, చావు చెప్పాయి. అతను ఏం కోరుకున్నాడు, దేనికి డబ్బు ఖర్చుపెట్టాడు అని అడిగితే వాటికి నోరు లేదు. అక్కడ సంగీతం దగ్గరికి వెళ్లాలి. వీడియోవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేసిన ఈ భాగం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది.

రాజు కాకముందే, 1478లో, రిచర్డ్ మిడిల్‌హామ్ చర్చిని కాలేజీగా మార్చాడు. ఆ రోజుల్లో కాలేజీ అంటే చదువుల చోటు కాదు, రోజంతా ఆరాధన సాగించడానికి జీతాలిచ్చి పెట్టుకున్న బృందం. ఒక డీన్, ఆరుగురు పూజారులు, నలుగురు క్లర్కులు, పాడే పిల్లలు ఆరుగురు. కొండల మధ్య ఒక చిన్న ఊరికి ఇది చాలా పెద్ద ఏర్పాటు. ఏ రోజు ఏ పూజ ఎలా పాడాలో నియమాలు రాయించి ఇచ్చాడు. రాజయ్యాక యార్క్ మిన్‌స్టర్‌లో వంద మంది పూజారులతో అలాంటిదే పెట్టాలని మొదలుపెట్టాడు, అది పూర్తికాలేదు.

1484 వసంతం రిచర్డ్‌కు చెడ్డ కాలం. ఏప్రిల్ ప్రాంతంలో భార్యకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు ఎడ్వర్డ్, ఇంకా చిన్న పిల్లాడు, మిడిల్‌హామ్‌లో చనిపోయాడు. తల్లిదండ్రులు అప్పుడు నాటింగ్‌హామ్‌లో ఉన్నారు, కబురు అక్కడికి చేరింది. దుఃఖంతో ఇద్దరూ పిచ్చివాళ్లలా అయ్యారని ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. కొద్ది వారాలకు, మేలో, సైలీషియా నుంచి నికోలస్ వాన్ పాపెలౌ అనే వీరుడు రాజును చూడటానికి ఉత్తర ఇంగ్లండ్ వచ్చాడు. కొన్ని రోజులు రాజు అతిథిగా ఉన్నాడు. రాజు నా కన్నా మూడు వేళ్లు పొడవు, కాస్త సన్నం, చేతులూ కాళ్లూ నాజూకు, గొప్ప మనసు అని డైరీలో రాసుకున్నాడు. గూని ఊసే లేదు. రాజు ప్రార్థనలో విన్న సంగీతమంత తీయనిది తన జన్మలో వినలేదని కూడా రాశాడు. యూరప్ కొలువులు తిరిగిన మనిషి మాట ఇది. ట్యూడర్‌లకు భయపడి గానీ రిచర్డ్‌ను మెప్పించడానికి గానీ రాసింది కాదు.

అదే ఏడాది సెప్టెంబరులో జాన్ మెలినెక్ అనే కొలువు గాయకుడికి రిచర్డ్ ఒక ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. దేశంలో ఏ పెద్ద చర్చిలోనైనా, మఠంలోనైనా బాగా పాడగల పెద్దలనూ పిల్లలనూ రాజు కొలువుకు తీసుకునే అధికారం అది. విండ్సర్‌లోని రాజ కాలేజీని మాత్రం మినహాయించాడు. ఈ కాగితాన్ని చూపించి రిచర్డ్ ఎంత రసికుడో అని మురిసిపోయేవాళ్లున్నారు. నేను మురిసిపోను. బాగా పాడే పిల్లాడిని వాడి ఊరి చర్చి నుంచి రాజు మనిషి తీసుకుపోతే ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి. తర్వాత వచ్చిన ట్యూడర్ రాజులూ ఇదే పద్ధతి పాటించారు. అధికారం, సంగీతాభిమానం రెండూ కలిసే ఉన్న కాగితం ఇది, రిచర్డ్ స్వభావమే అందులో కనిపిస్తుందని నాకనిపిస్తుంది. కావాలనుకున్నది పవిత్రమైనదే. దాన్ని తెచ్చుకునే పద్ధతి మాత్రం చెయ్యి చాచి తీసుకోవడం.

అప్పుడు ఎలా పాడేవారో వినాలంటే ఈటన్ క్వయర్ బుక్‌లోని రచనలు వినండి. 1500 తర్వాత కూర్చిన పుస్తకమే అయినా ఆ తరం శైలి అందులో ఉంది. రిచర్డ్ కొలువులో బాల గాయకుల గురువుగా ఉన్న గిల్బర్ట్ బానెస్టర్ రచన ఒకటి కూడా ఉంది. మతసంస్కరణ కాలంలో ఇలాంటి పుస్తకాలను ఎంతగా నాశనం చేశారంటే, మిగిలినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పొడవైన రాగాలు ఒకదాని మీద ఒకటి అలలా వస్తాయి. పిల్లల గొంతులు పైన ఎక్కడో తేలుతుంటాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు తల తిరిగినట్టయింది.

అయితే ఇవన్నీ మంచితనానికి సర్టిఫికెట్లా? కాదు. మంచి పాట ఇష్టపడ్డవాళ్లంతా మంచివాళ్లయితే చరిత్ర ఇంకోలా ఉండేది. రిచర్డ్ పాలనలో మెచ్చుకోవలసినవి వేరే ఉన్నాయి. 1484 పార్లమెంటులో రాజు బలవంతంగా వసూలు చేసే కానుకలను రద్దు చేశాడు, అనుమానితులకు బెయిలు సులువు చేశాడు, విదేశీ వర్తకుల మీద ఆంక్షలు పెడుతూ పుస్తకాల వ్యాపారాన్ని వదిలేశాడు. అతను చనిపోయిన మర్నాడు యార్క్ నగర సభ, గెలిచిన కొత్త రాజు ఉండగానే, తమ రాజును దారుణంగా చంపారని, నగరానికి తీరని దుఃఖమని రికార్డుల్లో రాసుకుంది. ఆ వాక్యం రాయడానికి ధైర్యం కావాలి.

పిల్లల సంగతికి వస్తాను, మీరు ముఖ్యంగా అడిగింది అదే కదా. వాళ్లు అతని కస్టడీలో ఉన్నారు. మాయమయ్యారు. బతికున్నారని చూపించి ఉంటే అతని మీద పుకార్లు ఒక్క రోజులో ఆగిపోయేవి, చూపించలేదు. అంతకు ముందే, 1483 జూన్ 13న, హేస్టింగ్స్ ప్రభువును విచారణ లేకుండా తల నరికించాడు. ఇవి ట్యూడర్‌లు కల్పించినవి కావు. 1674లో టవర్ మెట్ల కింద దొరికిన పిల్లల ఎముకలు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఉన్నాయి, వాటికి ఇంతవరకు డీఎన్‌ఏ పరీక్ష జరగలేదు. ఆ పిల్లలకు ఏం జరిగినా బాధ్యత రిచర్డ్‌దే అని నా అభిప్రాయం. వెన్ను సంగతి తేలిందని ఈ నేరం నుంచి అతన్ని విడిపించలేం. అలాగే ఈ నేరం ఉందని లేని గూనినీ, ఎండని చెయ్యినీ అతనికి తిరిగి తగిలించనూ కూడదు.

చివరిగా ఒక్క సంగతి. 1476 జూలైలో రిచర్డ్ తన తండ్రి ఎముకలను పాంటిఫ్రాక్ట్ నుంచి ఫాదరింగేకు తీసుకొచ్చే ఊరేగింపు ముందు నడిచాడు. ఎక్కడో అవమానంగా పూడ్చిన తండ్రికి కొడుకు చేసిన రెండో అంత్యక్రియ అది. రాజయ్యాక, తన కుటుంబానికి శత్రువైన ఆరో హెన్రీ శవాన్ని కూడా చెర్ట్సీ నుంచి విండ్సర్‌కు గౌరవంగా మార్పించాడు. ఎముకలను తిరిగి పూడ్చే ఈ తంతుకు ప్రత్యేకమైన ప్రార్థనలు, పాటలు ఉండేవి. అలెగ్జాండ్రా బకిల్ అనే సంగీత చరిత్రకారిణి అలాంటి తంతు రాసిన ఆ కాలపు రాతప్రతిని వెతికి పట్టుకుంది. 1475 ప్రాంతంలో వారిక్ ఎర్ల్ అయిన రిచర్డ్ బోషాంప్‌ను తిరిగి పూడ్చినప్పటిది.

2015 మార్చి 26న లెస్టర్ కేథడ్రల్‌లో రిచర్డ్‌ను తిరిగి పూడ్చినప్పుడు ఆ ప్రతిని ఆధారం చేసుకునే తంతు తయారుచేశారు. ఓక్ చెక్కతో శవపేటిక చేసింది మైకేల్ ఇబ్సెన్. సమాధి మీది రాయిని మిడిల్‌హామ్‌కు దగ్గరి స్వేల్‌డేల్ కొండల నుంచి తెచ్చారు. అంతకు ముందు మూడు రోజులు ప్రజలకు దర్శనం ఇస్తే ఇరవై వేల మందికి పైగా వరసలో నిలబడ్డారు. ఆ వరసలో మా అమ్మాయితో పాటు నేనూ నాలుగు గంటలు నిలబడ్డాను.